ఫ్యామిలీ గ్రూప్‌లో ఏఐ పోస్ట్ పడితే ఏం చేయాల: తిరపతిలో ఒక డీటీపీ షాపు వాడి పద్ధతి

మొన్న ఆదివారం రాత్రి షాపు షట్టర్ దించేసి, ఇంటికి పోయే ముందు టీ తాగతా ఫోన్ తీస్తే మా ఫ్యామిలీ గ్రూప్‌లో పది నిమిషాల తేడాలో రెండు పోస్టులు పడున్నాయి. ఒకటి బంగారుపాళ్యం కాడ మామిడితోట ఉండే మా చిన్నాయన పెట్టింది. ఏఐ వచ్చేస్తే తోతాపురి రేటు రైతుకి నెల ముందే తెలిసిపోతాదంట, ఇంక దళారి అనేవాడే ఉండడంట, వెనకాల వీణ మ్యూజిక్కు, పచ్చటి పొలంలో ఒక రోబో నడస్తా ఉంటాది. రెండోది మా అక్క పెట్టింది, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు ఇంక రెండేళ్ళే, పిల్లల్ని సీఎస్ఈలో చేర్పించిన అమ్మానాయన నెత్తిన గుడ్డ వేసుకోవాల్సిందే అని ఎర్ర అక్షరాలతో. అక్క కూతురు చిత్తూరులో సీఎస్ఈ, అంటే కంప్యూటర్ సైన్స్, సెకండియర్. తమాషా ఏమంటే రెండు పోస్టుల కిందా అదే జనం, అవే దండం ఎమోజీలు.

నేను బాలాజీ కాలనీ పక్క డీటీపీ, ఫ్లెక్స్ డిజైనింగ్ షాపు నడుపుతా ఉండా. పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో, అను ఫాంట్స్ అనే తెలుగు అక్షరాలతో పెళ్ళిపత్రికలు కొట్టే కాలం నుంచీ ఇదే పని. వీడు పొద్దస్తమానం కంప్యూటర్ ముందర కూర్చుంటాడు కాబట్టి అన్నీ తెలిసుంటాయని మా వాళ్ళ నమ్మకం, అందుకని ఏఐ అని యాడ కనబడినా 'ఇది నిజమేనా రా' అని నాకు తోసేస్తారు. 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చిన కాడ్నుంచి ఇదే గోల. అడిగి అడిగి నాకు ఒక పద్ధతి కుదిరింది, రాస్తా ఉండా, పనికొస్తే వాడుకోండి.

మొదట చేయాల్సింది ఏమీ చేయకపోవడం. పోస్టు చూడగానే గుండె దడ అన్నా పుట్టి ఉంటాది, అబ్బ భలే అని అన్నా అనిపించి ఉంటాది, రెండిట్లో ఏది జరిగినా ఫార్వర్డ్ బటన్ మీద నుంచి వేలు తీసేయండి. జనం ఆగి చూసేదాన్నే ఇన్‌స్టా అయినా యూట్యూబ్ అయినా ఇంకో పది మందికి చూపిస్తాయి. 'ఏఐ వల్ల కొన్ని పనులు కొంచెం మారతాయి, కొన్ని మారవు' అని పెడితే ఎవుడు ఆగతాడు? అందుకే మీ ఫోన్ దాకా వచ్చేది ఒక కొసదన్నా అయి ఉంటాది, ఇంకో కొసదన్నా. మధ్యలోది రాదు, దాన్ని మనమే పోయి వెతుక్కోవాల.

తర్వాత, పోస్టులో 'ఏఐ' అని ఎక్కడెక్కడ ఉందో అక్కడ 'ఏ పని?' అని అడగండి. నా లెక్కలో అన్నిటికంటే పనికొచ్చే ప్రశ్న ఇదే. ఏఐ ఉద్యోగాలు తీసేస్తాది అంటే ఏమీ అర్థం కాదు, ఉద్యోగం అంటే ఒక పని కాదు కదా, ఇరవై ముప్పై పనుల మూట. నా షాపునే చూపిస్తా.

రెండేళ్ళ కింద ఒక పిల్లోడు వచ్చినాడు, వాళ్ళ నాయకుడి పుట్టినరోజుకి ఫ్లెక్స్ కావాల, డిజైన్ నేనే చేసుకొచ్చినా ఏఐతో, నువ్వు ప్రింట్ కొట్టు చాలు, డిజైన్ చార్జీ ఇవ్వను అన్నాడు. ఫోన్‌లో చూస్తే నిజంగానే బాగుంది, వెనకాల ఏడుకొండలు, పైన మబ్బులు, మధ్యలో నాయకుడు సింహం పక్కన నిలబడి ఉండాడు, నేను చేస్తే ఆ బ్యాక్‌గ్రౌండ్‌కే మూడు గంటలు పట్టేది. అబ్బా అయిపోయింది మన పని అనుకున్నా. కానీ పెద్దది చేసి చూస్తే 'జన్మదిన శుభాకాంక్షలు'లో క కింద ష వత్తు లేదు, దాని బదులు జిలేబీ చుట్ట లాంటిది ఏదో ఉంది, 'న్మ' అయితే ఏ భాషో దేవుడికే తెలియాల. పన్నెండు అడుగుల ఫ్లెక్స్ మీద అది పడి ఉంటే నాయకుడు ఆ పిల్లోడిని ఏం చేసుండేవాడో. ఆ అక్షరాలు తుడిపేసి నేను మళ్ళీ అను ఫాంట్స్‌లో కొట్టి ఇచ్చినా, దానికి డబ్బులు తీసుకున్నా కూడా.

ఇప్పుడు ఆ బొమ్మలు గీసే ఏఐలు తెలుగు అక్షరాలు మునుపటికంటే చాలా నయంగా రాస్తా ఉండాయి, అది కూడా ఒప్పుకోవాల, రెండేళ్ళ కిందటి వత్తు చూపించి ఇవాళ నవ్వుకుంటే లాభం లేదు. నా దగ్గర బ్యాక్‌గ్రౌండ్ గీసే పని పోయింది, ఫోటో వెనకాల కటింగ్ చేసే పని దాదాపు పోయింది. పత్రికలో ఎవురి పేరు ముందర రావాల, మేనమామ పేరు కింద పడితే ఎవురు అలుగుతారు, ముహూర్తం పగలా రాత్రా అని పెళ్ళివాళ్ళతో కూర్చుని తేల్చే పని పోలేదు. ప్రూఫ్ చూసే పని అయితే పెరిగింది. కానీ మునుపు కటింగ్ నేర్చుకోవాలని చేరే కుర్రోళ్ళని ఇద్దరిని పెట్టుకునేవాడిని, ఇప్పుడు ఒక్కడే ఉండాడు. భయం ఉండేది అక్కడ, కొత్తగా నేర్చుకునేవాడి కాడ. 'అందరి పనీ పోతాది' అనే పోస్టులో ఇది కనపడదు, 'ఎవురి పనీ పోదు' అనే పోస్టులోనూ కనపడదు.

ఇంకోటి, ఏఐ కానిదాన్ని కూడా ఏఐ అనడం జాస్తి అయిపోయింది. 2025 జనవరిలో ప్రభుత్వం మనమిత్ర అని వాట్సాప్ నంబర్ పెట్టింది, 9552300009, సర్టిఫికెట్లు, బిల్లులు అందులోనే. మా వీధిలో అందరూ దాన్ని ఏఐ అంటారు, మొదట్లో నేను వాడినప్పుడు అయితే మెనూలో బటన్ నొక్కుకుంటా పోయేదే. భేషైన పనే, జిరాక్స్ కోసం మా షాపుకొచ్చే జనం తగ్గినారు కూడా, కానీ ఆ దెబ్బ నాకు ఏఐ కొట్టింది కాదు.

సరే, మూడోది. ఎవురు చెప్పినారు, చెప్పేవాడు ఏమి అమ్మతా ఉండాడు? పెద్ద మనిషి పేరు ఉంటే చాలు జనం పడిపోతారు. డారియో అమోడై అని ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీ అధిపతి, 2025 మేలో, కొత్తగా చేరే ఆఫీసు ఉద్యోగాల్లో సగం ఒకటి నుంచి ఐదేళ్ళలో పోవచ్చు అన్నాడు. ఆ మాట తెలుగులో ఎన్ని రీల్స్ అయిందో. అమ్మేవాడే భయపెడతా ఉండాడంటే నిజమే అయ్యుంటాది అని కొందరు, మా సరుకు అంత పవర్‌ఫుల్ అని చెప్పుకునే పద్ధతి అది అని కొందరు. రెండూ ఉండొచ్చు. మీరు చూడాల్సింది 'పోవచ్చు' అన్న మాట రీల్‌లోకి వచ్చేసరికి 'పోతాయి' అయిందా లేదా. అయి ఉంటాది.

అమ్మకం గొడవ పక్కన పెట్టినా, పెద్ద పెద్ద సైంటిస్టుల లెక్క కూడా తప్పతాది. జెఫ్రీ హింటన్ అని, ఈ ఏఐకి పునాది వేసినవాళ్ళలో ఒకడు, 2024లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది, దీని ప్రమాదాల గురించి నోరు విప్పి మాట్లాడాలని 2023లో గూగుల్ ఉద్యోగం వదిలేసినాడు. అంత పెద్దాయన 2016లో ఏమన్నాడంటే స్కానింగులు చూసే రేడియాలజిస్టులని ఇంక తయారు చేయడం ఆపేయండి, ఐదేళ్ళలో, పోనీ పదేళ్ళలో మిషనే వాళ్ళకంటే బాగా చూస్తాది అని. ఐదేళ్ళు ఎప్పుడో దాటినాయి, పదేళ్ళ గడువు కూడా వచ్చేసింది. మన స్విమ్స్ ఆస్పత్రిలో స్కానింగ్ రిపోర్టు కోసం బెంచీ మీద కూర్చున్న వాళ్ళని అడగండి, డాక్టర్ అవసరం లేదంటారేమో. మిషన్లు బాగానే చూస్తా ఉండాయి, తప్పు పోయింది 'డాక్టర్ వద్దు' అనే దగ్గర, తారీకు దగ్గర. కాబట్టి పోస్టులో 'ఫలానా సంవత్సరానికల్లా' అని ఉంటే ఆ సంవత్సరాన్ని కొట్టేసి మిగతాది చదవండి. మిగతాదాంట్లో విషయం ఉంటే ఉంటాది.

ఉద్యోగాల వార్త అయితే మాత్రం హెడ్డింగ్ దగ్గర ఆగొద్దు. 2025 జులైలో టీసీఎస్ 12 వేల మందిని తీసేస్తా ఉంది అన్నప్పుడు మా గ్రూప్‌లో 'ఏఐ మింగేసింది' అని వచ్చింది. కంపెనీ సీఈఓ చెప్పింది ఇది ఏఐ వల్ల కాదు, స్కిల్స్ సరిపోలడం లేదు అని. ఆయన మాట నమ్మాలని కాదు, కంపెనీ కారణం కంపెనీకి అనుకూలంగానే చెప్తాది. కానీ హెడ్డింగ్‌లో ఉన్న కారణం కంపెనీ చెప్పింది కాదు. అటువైపు క్లార్నా అనే స్వీడన్ కంపెనీ 2024లో మా ఏఐ 700 మంది కస్టమర్ కేర్ వాళ్ళ పని చేస్తా ఉంది అని డప్పు కొట్టుకునింది, ఏడాది తిరిగేసరికి మళ్ళీ మనుషుల్ని తీసుకుంటాం అనింది. మొదటి వార్త నాకు నలుగురు పంపినారు. రెండోది ఒక్కరూ పంపలా.

అమెరికాలో ప్యూ రీసెర్చ్ అని సర్వేలు చేసే సంస్థ ఉంది. వచ్చే 20 ఏళ్ళలో ఏఐ వాళ్ళ దేశానికి మేలు చేస్తాదా అని అడిగితే ఆ రంగంలో ఉండే నిపుణుల్లో 56 శాతం అవునన్నారు, మామూలు జనంలో 17 శాతమే అన్నారు, 2025 ఏప్రిల్లో బయటపెట్టినారు. వంట వండేవాడికి, ఏం పెడతారో తెలీక ఆకు ముందర కూర్చున్నవాడికి ఉండే తేడా అది. జనాన్ని తెలివితక్కువోళ్ళు అనుకోవాల్సిన పని లేదు, వడ్డించేది ఎవురి చేతిలో ఉందో వాళ్ళకి బాగా తెలుసు.

ఇంక లెక్క. ఏఐ పోస్టులో అంకె కనబడితే పేపర్ మీద రాసి భాగించండి, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉంది కదా. మన ఊరి ఉదాహరణే చెప్తా. 2025లో ఏఐ పెట్టి రెండు గంటల్లో దర్శనం అని మాట లేసినప్పుడు తిరపతిలో టీ కొట్లన్నీ ఇదే. సెప్టెంబర్‌లో బ్రహ్మోత్సవాలప్పుడు కొండ మీద వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో ఏఐ కమాండ్ కంట్రోల్ సెంటర్ ముఖ్యమంత్రి ఓపెన్ కూడా చేసినారు. మా ఫ్లెక్స్ మిషన్ కుర్రోడు అయితే ఇంక కంపార్ట్‌మెంట్లే ఉండవన్నా అన్నాడు. రా, కూర్చో అని లెక్క వేయించినా. రోజుకి 70 వేల మంది అనుకో, గుడిలో దర్శనం 20 గంటలు జరిగిందనుకో, గంటకి 3,500, నిమిషానికి 58, అంటే సెకనుకి ఒక మనిషి స్వామి ముందర నుంచి కదలాల. ఇప్పుడు ఏఐ వస్తే బంగారు వాకిలి వెడల్పు అవుతాదా? కాదు. మరి ఏం చేయగలదు? కెమెరాల్లో చూసి ఏ కంపార్ట్‌మెంట్‌లో ఎంత మంది ఉండారో లెక్క కట్టొచ్చు, యాడ తోపులాట మొదలవుతా ఉందో ముందే చెప్పొచ్చు, తప్పిపోయిన బిడ్డని వెతకొచ్చు, సర్వదర్శనం వాళ్ళకి నువ్వు ఈ టైముకి రా చాలు అని సరిగ్గా చెప్పగలిగితే లోపల కూర్చునే గంటలు కిందనే రూములో కూర్చుంటారు. అది చిన్న సంగతి కాదు, చంకలో బిడ్డతో నిలబడిన వాళ్ళని అడిగితే తెలస్తాది. కానీ అది క్యూ పని, వాకిలి పని కాదు. కుర్రోడు కాసేపు క్యాలిక్యులేటర్ చూసి 'అయితే సెకనే కదన్నా మనకి దక్కేది' అన్నాడు, వాడి బాధ వాడిది.

నీళ్ళ పోస్టు కూడా ఇట్లాంటిదే. చాట్‌జీపీటీని ఒక ప్రశ్న అడిగితే బాటిల్ నీళ్ళు తాగేస్తాది అని వస్తా ఉంటాది. దీని మూలం 2023లో కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్ళ లెక్క, అందులో ఉండేది జీపీటీ-3 అనే పాత ఏఐ మోడల్ పది నుంచి యాభై జవాబులు ఇస్తే అర లీటరు అని, అది కూడా కరెంటు తయారు కావడానికి పట్టే నీళ్ళు కలిపి. గూగుల్ వాళ్ళు 2025 ఆగస్టులో వాళ్ళ ఏఐ జెమినికి మామూలు ప్రశ్న ఒకటి అడిగితే 0.26 మిల్లీలీటర్లు, ఐదు చుక్కలు అన్నారు, కానీ అది డేటా సెంటర్‌ని చల్లబరిచే నీళ్ళు మాత్రమే, పైగా వాళ్ళ లెక్క వాళ్ళే వేసుకున్నది. అందుకని ఇంట్లో బిడ్డ హోంవర్క్ అడిగినందుకు నీళ్ళ పాపం కట్టొద్దు. అడగాల్సింది వేరే ఉంది, విశాఖలో ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లతో గూగుల్ డేటా సెంటర్ అని 2025 అక్టోబర్‌లో చెప్పినారు కదా, దానికి నీళ్ళు యాడ నుంచి, ఎండాకాలం ఎంత అని. ఆ ప్రశ్న ప్రజలు అడగొచ్చు, అడగాల. చుక్కల లెక్క చూసి ఇది కూడా చిన్నదే అనుకుంటే పొరపాటు, చుక్క వేరు, ఊరంత మిషన్ వేరు.

వీడియో అయితే పద్ధతి కొంచెం వేరే. 2023 నవంబర్‌లో రష్మిక మందన్న ముఖం ఇంకో ఆవిడ వీడియోకి అతికించి వదిలినారు గుర్తుందా, 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్నది ఎవురిని అంటే మన గుంటూరు పక్క ఇంజనీర్ కుర్రోడిని, ఫ్యాన్ పేజీకి ఫాలోయర్లు పెంచుకోవడానికి చేసినాడంట. ఇంత పని అంత చిన్న లాభానికి. అప్పట్లో వేళ్ళు లెక్కపెట్టండి, కనురెప్పలు చూడండి అని చెప్పేవాళ్ళం, ఇప్పుడు ఆ గుర్తులు నమ్మితే మోసపోతారు, వేళ్ళు ఐదే వస్తా ఉండాయి. కాబట్టి వీడియో లోపల వెతక్కుండా బయట వెతకండి. మొదటగా ఎవురు పెట్టినారు? ఫలానా మంత్రి ఫలానా స్కీము పెట్టినాడు, ఏఐ ట్రేడింగ్‌లో 21 వేలు పెడితే నెలకి లక్షలు అని ఉంటే, అంత పెద్ద మాట పేపర్లో ఎందుకు రాలా? ఒక ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వేస్తే పాత వీడియో అయితే చాలాసార్లు దొరికిపోతాది. యూట్యూబ్‌లో అయితే కింద డిస్క్రిప్షన్ తెరవండి, నిజం మాదిరి ఉండే ఏఐ వీడియోలకి ఆ సంగతి చెప్పాలని 2024 మార్చి నుంచి వాళ్ళ రూలు. లేబుల్ ఉంటే సరే, లేకపోతే నిజమని కాదు, దొంగ సంతకం పెట్టి వస్తాడా? తెలుగులో అడగదగ్గ చోటు కూడా ఉంది, డీప్‌ఫేక్ అంటే ఇట్లా ఏఐతో చేసిన దొంగ వీడియో, ఆడియో; డీప్‌ఫేక్స్ అనాలిసిస్ యూనిట్ అని 2024లో వాట్సాప్ టిప్‌లైన్ పెట్టినారు, 9999025044, అనుమానం ఉన్న ఆడియో, వీడియో అక్కడ పంపొచ్చు. దర్శనం టికెట్లు, రూములు అని వచ్చే లింకులకి ఇంత శ్రమ కూడా అక్కరలేదు, టీటీడీ సొంత వెబ్‌సైట్, వాళ్ళ యాప్ తప్ప ఇంకేదీ నొక్కొద్దు.

నన్ను అడిగితే మన లాంటోళ్ళు ఏఐ గురించి నిజంగా భయపడాల్సింది రోబోలకి కాదు, ఫోన్ కాల్‌కి. మా షాపుకి వచ్చే ఒక పెద్దావిడకి కాల్ వచ్చింది, 'అమ్మా నేను బెంగళూరులో యాక్సిడెంట్ చేసినా, పోలీసులు పట్టుకున్నారు, ఎవరికీ చెప్పొద్దు, ఈ నంబర్‌కి యాభై వేలు కొట్టు' అని, అచ్చం కొడుకు గొంతే అంట, ఏడుపు కూడా అదే. ఆవిడకి ఫోన్‌పే రాదు, నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది, అదే ఆవిడని కాపాడింది. కొడుక్కి వేరే ఫోన్ నుంచి కొడితే వాడు ఆఫీసు క్యాంటీన్‌లో పొంగలి తింటా ఉండాడు. ఇన్‌స్టాలో పెట్టుకునే వీడియోలో నుంచి కొన్ని సెకన్ల గొంతు దొరికితే చాలు ఇప్పుడు, అట్లాంటిది చేసేదానికి. ఆ దినం రాత్రే మా ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఒక ప్రశ్న పెట్టినా, డబ్బుల కోసం ఎవురు కాల్ చేసినా సరే, 'మన పాత ఇంట్లో ఉండిన ఆవు పేరేమి?' అని అడగాల, చెప్పకపోతే కట్ చేసేయాల. పేరు ఇక్కడ రాయను, మీరు కూడా మీ ఆవు పేరు యాడా రాయొద్దు. ఇంట్లో ఎవరికన్నా డబ్బులు పోయుంటే సిగ్గుపడి మూసి పెట్టుకోకుండా వెంటనే 1930కి కొట్టండి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కంప్లైంట్ పెట్టండి, ఎంత తొందరగా కొడితే ఆ డబ్బు పడిన మొదటి అకౌంట్‌లోనే ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇన్ని తెలుసుకున్నాక గ్రూప్‌లో ఎట్లా చెప్పాల అనేది మళ్ళీ వేరే విద్య. నేను మొదట్లో చేసిన తప్పు ఏమంటే 'ఇది ఫేక్' అని ఒక్క ముక్క కింద కొట్టేసేవాడిని. మా పెద్దత్త రెండు నెలలు నాతో మాట్లాడలా. అందరి ముందరా పెద్దోళ్ళని తప్పు పట్టినట్లే కదా అది. ఇప్పుడు పెద్దోళ్ళకి విడిగా ఫోన్ చేస్తా, గ్రూప్‌లో ప్రశ్న ఒకటే పెడతా. ఆ ఆదివారం అక్కకి ఇట్లా రాసినా: 'అక్కా, చూసినా. పాపని ఈ శనివారం షాపుకి పంపు, దాని లాబ్ ప్రోగ్రామ్ ఒకటి ఏఐతో చేయిద్దాం, చూసినాక మాట్లాడుకుందాం.' పాప వచ్చింది. కాలేజీలో రెండు వారాలు కొట్టుకున్న ప్రోగ్రామ్‌ని ఏఐ నిమిషంలో రాసేసింది, పాప మొహం మాడిపోయింది. సరే ఇప్పుడు మా షాపు బిల్లులు తీసుకుని ఎవురు ఎంత బాకీ ఉండారో తీయించు అన్నా. అడ్వాన్స్ అని రాసింది దాన్ని బాకీ కింద లెక్క వేసింది, ఎంత నమ్మకంగా వేసిందంటే పాప పట్టుకోకపోతే నేను పోయి ఒక పెద్దమనిషిని ఐదు వేలు అడిగి ఉండేవాడిని. సాయంత్రం దాకా పాప దాంతో కొట్లాడి సరి చేయించింది. సీఎస్ఈ మానేయాలా అని అడగలా మళ్ళీ, కానీ భయం పూర్తిగా పోయింది అని కూడా చెప్పను, 'మామా, మరి కొత్తగా చేరేవాళ్ళకి ఈ పని ఎవరు ఇస్తారు' అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. కటింగ్ నేర్చుకోవడానికి చేరి, ఇప్పుడు షాపులో లేని ఆ రెండో కుర్రోడు గుర్తొచ్చినాడు.

చిన్నాయనకి మాత్రం ఫోన్ చేసినా. చిన్నాయనా, 2025లో తోతాపురికి ఫ్యాక్టరీ వాళ్ళు కిలోకి 8 రూపాయలు, పైన ప్రభుత్వం 4 రూపాయలు అన్న రేటు నీకు నెల ముందే ఏఐ చెప్పి ఉంటే నువ్వు ఏం చేసుండేవాడివి, చెట్టు మీద కాయ ఆగతాదా అని అడిగినా. కాసేపు పలకలా. ఫ్యాక్టరీలో పాత ఏడాది మామిడి గుజ్జు మిగిలిపోయుంటే ఏఐకి తెలిస్తే మాత్రం ఏం లాభం లేరా అన్నాడు ఆయనే. అట్లని ఆశ అంతా తీసేయలా నేను, పూత మీద తేనెమంచు పురుగు పడితే ఫోటో తీసి అడుగు, ఏం పురుగో చాలావరకు చెప్తాది, మందు, డోసు మాత్రం హార్టికల్చర్ అసిస్టెంట్‌ని అడిగినాకే కొట్టు అని చెప్పినా. సరే అన్నాడు.

నిన్న తెల్లారి ఆరుకే చిన్నాయన నంబర్ నుంచి కాల్. మందు అంగడి కాడ నిలబడి ఉండా, రెండు వేలు తక్కువైంది, కొట్టరా అన్నాడు. నిద్రలో ఉండి సరే అని ఫోన్‌పే తెరిచినా. 'ఒరేయ్ ఆగు, ఆవు పేరు అడగవేమిరా?' అని ఆయనే తిట్టినాడు. సరే చెప్పు చిన్నాయనా అంటే, 'ముందు నువ్వు చెప్పు, నువ్వు నిజంగా మావోడివేనని నాకేం నమ్మకం' అన్నాడు.